అమ్మ పోయిన క్షణంలో 'హమ్మయ్య' అనిపించింది.. నాది తప్పేనా?

ప్రశ్న: నా వయసు 52. అమ్మకి క్యాన్సర్ వస్తే రెండేళ్లు నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఐదు నెలల క్రితం చనిపోయింది. చివరి వారం ఏమీ తినలేదు. ఆఖరి రోజు గొంతులో గరగరమని శబ్దం వచ్చింది. నేను స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లోనే ప్రాణం పోయింది. అప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, హమ్మయ్య అనిపించింది. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇప్పటికీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది. ఒక్కోసారి అమ్మ పిలిచినట్టే వినిపిస్తుంది. అమ్మకి రాసిన అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మందు) మాత్రలు మిగిలితే రెండు నెలలుగా రోజూ రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. నా థైరాయిడ్ మాత్ర మాత్రం ఎప్పుడో మానేశాను. ఈ మధ్య ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. 'పెద్ద వయసే కదా, ఇంకా ఎన్నాళ్లు ఏడుస్తావు?' అంటున్నారు ఇంట్లో. దుఃఖంలో ఐదు దశలు ఉంటాయట. నేను ఏ దశలో ఆగిపోయాను? నాకు పిచ్చి పడుతోందా?
- ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయంతోనే మొదలుపెడతాను. ఛాతీ పట్టేయడాన్ని బాధ వల్లే అని మీకు మీరే తేల్చుకోకండి. ఈ రోజే వెళ్లి ఈసీజీ తీయించుకోండి. దగ్గరివాళ్లు పోయిన తర్వాతి రోజుల్లో గుండెపోటు ముప్పు నిజంగానే పెరుగుతుంది. అది కాకుండా, తీవ్రమైన దుఃఖం వల్ల గుండె కండరమే కొంతకాలం బలహీనపడే సమస్య ఒకటుంది. టకోట్సుబో అంటారు, 1990లో జపాన్ డాక్టర్లు దీన్ని మొదటిసారి వివరించారు. నెలసరి ఆగిపోయిన వయసు స్త్రీలలోనే ఎక్కువగా వస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు కానీ, అది ఉందో లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక మిమ్మల్ని లోపల తినేస్తున్న విషయానికి వస్తాను. ముందు ఆ గరగర శబ్దం గురించి చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ఎవరూ మీకు వివరించినట్టు లేదు. మనిషి చివరి గంటల్లోకి వచ్చాక మింగే శక్తి, దగ్గే శక్తి తగ్గిపోతాయి. గొంతులో ఊరే లాలాజలం, కఫం అక్కడే నిలిచిపోతాయి. ఊపిరి వచ్చి పోతున్నప్పుడల్లా ఆ తడి కదిలి గరగరమంటుంది. అప్పటికి రోగి సాధారణంగా స్పృహలో ఉండరు. పక్కన కూర్చున్నవాళ్లకు ఆ శబ్దం భరించలేనంతగా ఉంటుంది కానీ, దానివల్ల రోగి బాధపడుతున్నట్టు మాకు కనిపించదు. అమ్మ ముఖాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. నుదురు ముడిపడి ఉందా, వదులుగా ఉందా? నొప్పి ఉంటే అక్కడ తెలుస్తుంది.

తిండి సంగతీ అంతే. జబ్బు ముదిరి శరీరం ఒక్కో పనీ ఆపేస్తూ వచ్చేటప్పుడు ఆకలి ముందే చచ్చిపోతుంది. అమ్మ తినకపోవడం వల్ల పోలేదు. చివరి దశకు వచ్చారు కాబట్టి తినలేకపోయారు. బలవంతంగా నోట్లో పెట్టి ఉంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది, మరో ఇబ్బంది మొదలయ్యేది. మీరు బలవంతం చేయకపోవడం మంచిపనే.

ఆ పది నిమిషాల గురించి కూడా చెబుతాను. రోజుల తరబడి మంచం దగ్గరే ఉన్నవాళ్లు కాస్త బయటికి వెళ్లినప్పుడే ప్రాణం పోవడం ఆసుపత్రుల్లో మేం తరచూ చూసేదే. రెండేళ్లు రాత్రింబవళ్లు చూసుకున్న మనిషి ఎప్పుడో ఒకప్పుడు స్నానానికి లేవాల్సిందే కదా. మీరు అక్కడే ఉన్నా ఆ ఊపిరి ఆగేదే.

హమ్మయ్య అనిపించడం గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు. ఎక్కువకాలం రోగిని చూసుకున్నవాళ్లలో ఇది చాలా మామూలు. బయటికి చెప్పరు, అంతే. 'అమ్మ బాధ తీరింది కదా, అందుకే' అని మీరు సర్ది చెప్పుకోనక్కర్లేదు కూడా. సరైన నిద్ర లేక, నడుము పడిపోయి, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ బతికిన మనిషికి తన కోసం కూడా ఊరట కలుగుతుంది. ఆ ఊరట, మీరిప్పుడు పడుతున్న బెంగ రెండూ ఒకే మనసులో ఉంటాయి. ఒకటి ఉందంటే రెండోది అబద్ధమని కాదు.

రాత్రి రెండింటికి అమ్మకి మందు ఇచ్చే వేళేమో. రెండేళ్ల అలవాటును శరీరం ఐదు నెలల్లో వదులుకోవడం కష్టం. మెలకువ వస్తే గడియారం చూడకండి. పావుగంటలో నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాకే పక్క మీదికి వెళ్లండి. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకి లేచి, కాసేపు ఎండలో నడవండి.

అమ్మ పిలిచినట్టు వినిపించడం పిచ్చి కాదు. 1971లో డెవీ రీస్ అనే డాక్టర్, వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టు అనిపించడం, కనిపించడం, గొంతు వినిపించడం లాంటివి వాళ్లలో దాదాపు సగం మందికి జరిగాయి. పిచ్చి అనుకుంటారనో ఏమో, ఎక్కువమంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఆ గొంతు మిమ్మల్ని ఏదైనా చేయమని ఆజ్ఞాపిస్తున్నా, 'నా దగ్గరికి వచ్చెయ్' అంటున్నా, పగలంతా ఆగకుండా వినిపిస్తున్నా మాత్రం మానసిక వైద్యుల్ని వెంటనే కలవండి.

అల్ప్రాజోలం విషయంలో గట్టిగానే చెబుతున్నాను. వేరొకరికి రాసిన మందు మీరు వేసుకోకూడదు. దుఃఖానికి అది మందు కాదు, కొన్ని వారాల్లోనే అలవాటైపోతుంది. అలాగని రేపటి నుంచి ఠక్కున మానేయకండి. రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నారు కాబట్టి, ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోయి టెన్షన్, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి, మెల్లగా తగ్గిస్తారు. అమ్మకి వాడిన మార్ఫిన్ లాంటి నొప్పి మందులు ఇంట్లో మిగిలి ఉంటే వాటిని ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయండి.

మీరు ఏ దశలోనూ ఆగిపోలేదు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో ఆ ఐదు దశల (నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, దిగులు, ఒప్పుకోవడం) గురించి రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడాక. ఆత్మీయుల్ని పోగొట్టుకున్న ప్రతివాళ్లూ అదే వరసలో నడవాలన్న నియమం లేదు. నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పింది నాకు నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. మనసు కాసేపు పోయిన మనిషి వైపు వెళుతుంది, కాసేపు బతుకు పనుల వైపు వస్తుంది, మళ్లీ అటు వెళుతుంది. కాబట్టి ఒక మధ్యాహ్నం నవ్వు వస్తే నవ్వండి, అమ్మని మరిచిపోయినట్టు కాదు. సాయంత్రం ఏడుపు వస్తే ఏడవండి.

ఇది జబ్బుగా మారిందని ఎప్పుడు అనుకోవాలి? ఆరు నెలలు దాటాక కూడా రోజంతా అదే బెంగతో, ఇంటి పనీ బయటి పనీ ఏదీ చేయలేని స్థితిలో ఉంటే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ సమస్యగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అమెరికా మానసిక వైద్యుల ప్రమాణాల్లో పెద్దవాళ్లకు ఈ గడువు ఏడాది. దీనికి ప్రత్యేకంగా మాట్లాడుతూ చేసే చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది. డిప్రెషన్ కూడా తోడైతే మాత్రలు సాయపడతాయి. కానీ బతకాలని లేదని, అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలని అనిపిస్తుంటే ఏ గడువూ చూడకండి. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, ఆసుపత్రికి వెళ్లండి లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. మీరు ఆ మాట రాయలేదు, అయినా అడగడం నా బాధ్యత.

ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. మిమ్మల్ని చూస్తూ ఏం చేయాలో తెలియక ఆ మాట అంటారు. 'పెద్ద వయసే కదా' అన్న మాట మాత్రం మానేయమని చెప్పండి, ఈ జవాబు చూపించి అయినా సరే. వాళ్లలో కాస్త ఓపికగా వినే ఒకరిని కూర్చోబెట్టుకుని ఆ ఆఖరి రోజంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పండి, హమ్మయ్య అనిపించిందన్న మాటతో సహా. అమ్మ గది ఖాళీ చేయమని తొందరపెడితే ఇప్పుడే వద్దనండి. అది మీ చేతులతో మీరు చేయాల్సిన పని. అమ్మ మందుల డబ్బా మాత్రం ముందు తీసేయొచ్చు.

థైరాయిడ్ మాత్ర ఆపేయడం వల్ల కూడా నీరసం, దిగులు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వస్తాయి. మీ బాధలో దాని వాటా ఎంతో తేలాలి. అయితే ఛాతీ ఇబ్బంది ఉంది కాబట్టి పాత డోసు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఈసీజీతో పాటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. డోసు డాక్టర్ నిర్ణయించాక రోజూ పరగడుపున వేసుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చేయించండి. అప్పటికి ఆరు నెలలు దాటుతాయి. నిద్ర, బెంగ ఎలా ఉన్నాయో ఆ రోజే డాక్టర్‌కి చెప్పి, మానసిక వైద్యుల సాయం అవసరమో లేదో తేల్చుకోండి.