ఫెడ్‌బ్యాచ్ చివర్లో డీఓ ఊగడం: సమాధానం
మీ ఫెడ్‌బ్యాచ్‌లో (మేత కొద్దికొద్దిగా వేస్తూ ట్యాంకులో సెల్స్‌ని పెంచే పద్ధతి) మొదట్లో బానే ఉన్న డీఓ లూప్ (కరిగిన ఆక్సిజన్‌ని ఒకే స్థాయిలో ఉంచే కంట్రోల్) సెల్స్ పెరిగాక ఊగుతోందన్నారు, అంటే రీడింగ్ పైకీ కిందకీ పోతోందన్నారు కదండీ, ముందు కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి ఆర్‌పీఎం (కలిపే బ్లేడు నిమిషానికి తిరిగే చుట్లు) కదపకుండా కాసేపు చూడండి, ఊగడం ఆగితే తప్పు ట్యూనింగ్‌దే (కంట్రోలర్ సెట్టింగులదే), ఆగకపోతే ఫీడ్ పంప్ ఆన్ ఆఫ్ అవుతూ గ్లూకోజ్ విడతలుగా పడుతోందేమో చూడాలి. నాకైతే ట్యూనింగ్ మీదే అనుమానం. ఆర్‌పీఎం కంటే ఆక్సిజన్ కరిగే వేగం ఎక్కువ రేటులో పెరుగుతుంది, 400 దగ్గర 10 పెంచినప్పటికంటే 900 దగ్గర అదే 10కి డీఓ జోరుగా కదులుతుంది, ప్రోబ్ (డీఓ కొలిచే సెన్సర్) మాత్రం పాత ఆలస్యంతోనే చెప్తుంది, అందుకే తక్కువ ఆర్‌పీఎం దగ్గర కుదిరిన గెయిన్ (తేడా కనిపిస్తే కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర మరీ ఎక్కువైపోతుంది. ఆర్‌పీఎంని మూడు నాలుగు రేంజ్‌లు చేసుకుని పైకెళ్లేకొద్దీ గెయిన్ తగ్గించండి, గెయిన్ షెడ్యూలింగ్ అంటే ఇదే. డెరివేటివ్ (డీఓ మారే వేగాన్ని చూసి స్పందించే భాగం) మాత్రం వద్దండీ, ప్రోబ్‌కి తగిలే బుడగల నాయిస్‌ని అది ఇంకా పెంచుతుంది.