నెలలు నిండాక వచ్చిపోయే నొప్పులు: అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

ఆమదాలవలస

అమ్మలూ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ దాటి నాలుగు రోజులైందట. చీకటి పడితే నొప్పులు మొదలవుతున్నాయట, తెల్లారేసరికి ఎటో పోతున్నాయట. రాత్రంతా నువ్వు సెల్‌ఫోన్ పట్టుకుని నొప్పి నొప్పికీ నిమిషాలు రాసుకుంటూ కూర్చుంటున్నావని, పగలు ఏడుస్తున్నావని చెప్పింది. ఇవన్నీ ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం మీ అమ్మ తనకి నచ్చినట్టు మార్చేస్తుంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. మీ ఆయన చేత కూడా చదివించు.

ముందు ఆ తేదీ సంగతి. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్క కట్టి ఆ తేదీ వేస్తారు. సరిగ్గా అదే రోజున పుట్టే పిల్లలు నూటికి నలుగురో అయిదుగురో. తొలి కాన్పులో నాలుగైదు రోజులు దాటడం చాలా మామూలు. నీ ఫైలు తీసి మూడో నెల లోపల చేసిన మొదటి స్కాన్ చూడు. అందులో ఉన్న తేదీకే విలువ ఎక్కువ. తొమ్మిదో నెల స్కాన్‌లో వేరే తేదీ కనబడితే దాన్ని పట్టించుకోకు. అది బిడ్డ సైజును బట్టి వేసిన అంచనా, రెండు మూడు వారాలు కూడా అటూ ఇటూ అవుతుంది. ఆ రెండు తేదీల మధ్య కొట్టుమిట్టాడి బీపీ తెచ్చుకున్న వాళ్ళని లేబర్ రూమ్‌లో ఎంతోమందిని చూశాను.

ఇక ఈ నొప్పులు. మన వైపు వీటిని దొంగ నొప్పులంటారు. అలా అన్నంత మాత్రాన నీకు నొప్పి లేదని కాదు, నువ్వు నాటకమాడుతున్నావనీ కాదు. గర్భసంచి నిజంగానే బిగుసుకుంటోంది. దాని మూతి మొదట్లో ముక్కు కొస ముట్టుకుంటే ఎలా ఉంటుందో అలా గట్టిగా ఉంటుంది. కాన్పు దగ్గరపడేసరికి పెదవిలా మెత్తబడాలి, పొట్టిగా అవ్వాలి, ముందుకు రావాలి. ఆ పని కొందరికి తెలియకుండానే అయిపోతుంది, కొందరికి రోజుల తరబడి రాత్రిళ్ళు నిద్ర చెడగొట్టి మరీ అవుతుంది. బిడ్డ వీపు నీ వీపు వైపు ఉంటే కూడా ఇలా నడుము లాగుతూ, ఒక పద్ధతి లేకుండా నొప్పులు వస్తాయి. నిన్న పరీక్ష చేసి "ఒక వేలు కూడా తెరుచుకోలేదు" అన్నారని మీ అమ్మ దిగులు పడుతోంది. తొలిచూలు వాళ్ళకి అలాగే ఉంటుంది. నొప్పులు వృథా పోతున్నాయని అనుకోకు.

అసలు నొప్పుల గుర్తులు చెబుతాను. నడుములో మొదలై ముందుకి వస్తాయి. రాను రాను దగ్గరవుతాయి, ఎక్కువ సేపుంటాయి, గట్టి పడతాయి. ఈ మూడూ కలిసి జరగాలి. నొప్పి వచ్చినప్పుడు మాట మధ్యలో ఆగిపోతుంది, అది తగ్గేదాకా ఎవరు పిలిచినా పలకబుద్ధి కాదు. పడుకున్నా తగ్గవు, నడిచినా తగ్గవు. నీకిప్పుడు వస్తున్నవి పది నిమిషాలకొకటి, తర్వాత ఇరవైకి, మళ్ళీ ఏడుకి, ఆ తర్వాత గంటసేపు ఏమీ లేకుండా ఉన్నాయి కదా. అలాంటప్పుడు రాసుకుంటూ కూర్చుని లాభం లేదు. ఆ ఫోన్ పక్కన పడెయ్యి. నొప్పులు నిజంగా ముదిరినప్పుడు నీకే తెలుస్తుంది, అప్పుడు ఒక్క గంట చూసుకుంటే చాలు. చూసుకునేటప్పుడు ఒక నొప్పి మొదలైన దగ్గర్నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా లెక్కపెట్టు. నొప్పి తగ్గిన దగ్గర్నుంచి లెక్కేస్తే తప్పు లెక్క వస్తుంది.

లెక్కపెట్టాలని అంతగా ఉంటే బిడ్డ కదలికలు లెక్కపెట్టు. ఈ ఉత్తరంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఈ మాటే గుర్తుంచుకో. మధ్యాహ్నం అన్నం తిన్నాక, రాత్రి తిన్నాక ఎడమ పక్కకి తిరిగి పడుకుని పొట్ట మీద చెయ్యి వేసుకో. తన్నినా, పొర్లినా, మోచెయ్యి జరిపినా ఒకటి కింద లెక్క. చాలామందికి అరగంటలోనే పది వచ్చేస్తాయి. రెండు గంటలైనా పది రాకపోతే, లేదా ఎప్పటిలా లేదు, మందంగా ఉందని నీకు అనిపిస్తే అప్పుడే బయల్దేరాలి. రేపు పొద్దున్న చూద్దాం అనుకోవద్దు. "నెలలు నిండాయి, చోటు లేదు, అందుకే బిడ్డ కదలడం లేదు" అని చుట్టుపక్కల వాళ్ళు చెబుతారు. అది తప్పు. కదిలే తీరు మారొచ్చు గానీ కదలికలు తగ్గకూడదు, నొప్పులు వస్తున్నప్పుడు కూడా తగ్గకూడదు. పంచదార నీళ్ళు తాగి మరో పూట చూద్దామనే వాళ్ళ మాట అసలు వినకు.

రాత్రిళ్ళు ఎలా గడపాలో అడిగావట. నొప్పి వచ్చినప్పుడల్లా లేచి కూర్చోకు. ఎడమ పక్కకి పడుకుని మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద పల్చటి దిండు పెట్టుకో. నొప్పి వస్తే ముక్కుతో గాలి పీల్చి నోటితో నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువ సేపు వదులు. ఆ సమయంలో దవడ, భుజాలు బిగపట్టకు. నొప్పి పోగానే మళ్ళీ కళ్ళు మూసుకో. నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదు, ఒళ్ళు పడుకుని ఉంటే చాలు. పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళతో నిదానంగా స్నానం చెయ్యి. దొంగ నొప్పులైతే చాలాసార్లు దాంతోనే సగం తగ్గుతాయి. ఉమ్మనీరు పోయిందని అనుమానముంటే మాత్రం ఇంట్లో స్నానాలు పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

నడుము నొప్పికి మీ ఆయన్ని వాడుకో. పాపం ఆ అబ్బాయి ఏం చెయ్యాలో తెలియక వీధరుగు మీద కూర్చుంటున్నాడట. నువ్వు కిటికీ ఊచలు పట్టుకునో, కుర్చీ తిరగేసి కూర్చుని దాని వీపు మీద వాలో ముందుకి వంగు. అతను అరచేతి మడమతో నడుం కింది ఎముక మీద, నొప్పి ఉన్నంతసేపూ గట్టిగా అదిమి పట్టాలి. ఊరికే పాముతూ ఉంటే చిరాకు పుడుతుంది, అదమడమే పని చేస్తుంది. మంచం మీద దిండ్లు పేర్చి, మోకాళ్ళ మీద నిలబడి వాటి మీద వాలినా హాయిగా ఉంటుంది. వేడినీళ్ళ సంచి గుడ్డలో చుట్టి నడుముకి పెట్టుకోవచ్చు.

ఈ ఎండల్లో నీళ్ళు తక్కువైతే కూడా గర్భసంచి ఊరికే బిగుసుకుంటుంది. కరెంటు పోయిన మధ్యాహ్నాలు మరీను. మజ్జిగ, గంజి, పల్చటి చోడి అంబలి, కొబ్బరినీళ్ళు, ఏదైనా సరే గంటకోసారి కాస్త కాస్త తాగుతూ ఉండు. రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్ళు, నిండిన మూత్రసంచి నొప్పిని పెంచుతుంది. వెళ్ళినప్పుడు మంటగా ఉంటే డాక్టరమ్మకి చెప్పు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇలాంటి నొప్పులే వస్తాయి. తిండి మానొద్దు. "ఆపరేషన్ అంటారేమో, కడుపు ఖాళీగా ఉండనీ" అని మీ అత్తగారు అన్నారట. ఆసుపత్రిలో చేరాక వాళ్ళు ఎలా చెబితే అలా చేద్దువుగాని. ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు లాంటివి కొంచెం కొంచెంగా తినాల్సిందే. అసలు నొప్పులొచ్చే వేళకి ఒంట్లో శక్తి లేకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

నడక మంచిదే, సాయంత్రం చల్లబడ్డాక వీధి చివరిదాకా వెళ్ళి రా. మేడమెట్లు ఎక్కి దిగమని, గుంజీళ్ళు తియ్యమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. కాన్పు రావాల్సిన వేళ రాకపోతే గుంజీళ్ళతో రాదు, అలసట మాత్రం వస్తుంది.

కొన్ని మాత్రం కఠినంగా చెప్పాలి. ఆముదం తాగొద్దు. విరేచనాలై, ఒంట్లో నీరు పోయి, నీరసంతో లేబర్ రూమ్‌కి వస్తావు. పసరు మందులు, కషాయాలు వద్దు. డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఊళ్ళో మందుల షాపు ఆయన దగ్గరో, ఇంటికొచ్చి సూదులేసే ఆయన దగ్గరో నొప్పులు పెరిగే ఇంజెక్షన్ వేయించుకోవద్దు. సెలైన్‌లో కలిపి ఎక్కించినా అదే మందు. ఆసుపత్రిలో దాన్ని చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చూసుకుంటూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చెయ్యగలిగిన చోట ఇస్తారు. ఇంట్లో ఒక్కసారిగా ఇస్తే గర్భసంచి విశ్రాంతి లేకుండా బిగుసుకుపోతుంది, బిడ్డకి ఆక్సిజన్ అందదు, సంచి చిరగవచ్చు కూడా. అలా వచ్చిన వాళ్ళని ఎత్తుకుని ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తిన రాత్రులు నాకింకా గుర్తే.

ఎప్పుడు బయల్దేరాలి? మామూలుగా తొలి కాన్పుకి అయిదు నిమిషాలకొక నొప్పి, ఒక్కోటి నిమిషం చొప్పున, గంటసేపు అలాగే ఉంటే రమ్మంటారు. చీపురుపల్లి దాటి లోపలున్న మీ ఊరి నుంచి విజయనగరం దగ్గరేం కాదు. కాబట్టి ఏడెనిమిది నిమిషాలకొకటి క్రమంగా వస్తూ పెరుగుతుంటే ఇంక ఆగొద్దు. నొప్పులతో సంబంధం లేకుండా వెంటనే వెళ్ళాల్సినవి ఇవి: నీరు పోవడం (శుభ్రమైన గుడ్డ పెట్టుకుని ఎన్ని గంటలకి పోయిందో, ఏ రంగులో ఉందో చూసుకో, ఆకుపచ్చగా ఉంటే మరీ తొందర), నెలసరిలా ఎర్రటి రక్తం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, పైపొట్టలో నొప్పి, జ్వరం, మధ్యలో వదలకుండా ఒకటే బిగుతు. చిక్కటి జిగురులో రక్తపు చారలు కనబడితే అది మంచి గుర్తే, దానికి పరుగెత్తక్కర్లేదు. అది కనబడ్డాక రోజు పట్టొచ్చు, కొన్ని రోజులూ పట్టొచ్చు.

వెళ్ళాక "ఇంకా టైముంది, ఇంటికెళ్ళండి" అంటే సిగ్గుపడకు. రెండోసారి, మూడోసారి వెళ్ళినా ఫర్వాలేదు. రెండు రాత్రులు వరసగా కునుకు లేకపోతే అదే మాట చెప్పు, కాస్త నిద్ర పట్టడానికి వాళ్ళ దగ్గర మందులుంటాయి. ఊళ్ళో వాళ్ళు "మళ్ళీ తిరిగొచ్చేశారేటి?" అని అడుగుతారు. అడగనీ.

ఇంట్లోనే ఓపిక పట్టమంటున్నానని తేదీ సంగతి వదిలెయ్యమని కాదు. 41 వారాలు, అంటే నీ తేదీకి వారం దాటాక మాయ పనితనం తగ్గే అవకాశం, ఉమ్మనీరు తగ్గే అవకాశం పెరుగుతాయి. 41 వారాలు నిండాక నొప్పులు రాకపోతే మందుతో మొదలుపెట్టమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. నీకు ఇంకా మూడు రోజులే ఉంది. రేపే వెళ్ళి బీపీ చూపించుకుని, బిడ్డ గుండె కొట్టుకునే తీరు గీసే ఎన్‌ఎస్‌టీ, ఉమ్మనీటి స్కాన్ చేయించుకో. 41 వారాలకి ఏం చేద్దామో అప్పుడే డాక్టరమ్మని అడుగు. నీకు బీపీయో సుగరో ఉంటే అంతదాకా కూడా ఆగనివ్వరు. గర్భసంచి మూతి మెత్తబడడానికి జెల్ పెడతారు, మాత్ర ఇస్తారు, లేదంటే చిన్న బెలూన్ గొట్టం పెడతారు. తొలిచూలుకి అది పని చెయ్యడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది, ముందే తెలిసి ఉంటే మధ్యలో బెంగ పడవు. నొప్పుల మందు పెడితే పెద్దాపరేషన్ ఖాయమని మీ ఆడపడుచు చెప్పిందట. తేదీ దాటినవాళ్ళకి ఇలా మొదలుపెడితే ఆపరేషన్లు పెరగవని పెద్ద పరిశోధనల్లోనే తేలింది. అమావాస్య దాటాక చేరదాం, దశమి మంచిది అనే లెక్కలు మాత్రం ఈ మూడు రోజులూ నీ దగ్గరికి రానివ్వకు.

సంచి సర్దే ఉందా? తల్లీబిడ్డ కార్డు, స్కాన్ రిపోర్టులన్నీ, బ్లడ్ గ్రూప్ కాగితం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఒకే కవర్లో పెట్టు. మెత్తటి పాత నూలు చీరలు ఉతికి ఆరేసినవి నాలుగు పెట్టు. 108 ఉంది కదా అని ఊరుకోకుండా రాత్రి పూట ఫోన్ ఎత్తే ఆటో అబ్బాయి నంబరు కూడా మీ ఆయన దగ్గర ఉండాలి. బండిలో ఎడమ పక్కకి ఒరిగి కూర్చో, వీలైతే పడుకో. వెంట ఒక్క మనిషి చాలు, పదిమందిని ఎక్కించుకుని వెళ్ళొద్దు. పగలు "ఇంకా కాలేదా?" అని ఫోన్లు చేసే చుట్టాలందరికీ మీ అమ్మే జవాబు చెబుతుంది, నీ ఫోన్ ఆవిడకిచ్చెయ్యి.

ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు. నాకు ఎన్ని గంటలకైనా ఫోన్ చెయ్యొచ్చు. కదలికలు తగ్గాయని అనిపిస్తే మాత్రం నాకు చేస్తూ కూర్చోకు, ముందు బండెక్కి తర్వాత చెయ్యి.

మీ పెద్దమ్మ

చెల్లీ, ఇది నీకు: వంటింటి గూట్లో ఆముదం సీసా ఉందని నాకు తెలుసు. కాన్పు అయ్యేదాకా దాన్ని పక్కింటి వాళ్ళకి ఇచ్చెయ్యి.