టెక్ సందేహాలు: రైతు సంఘానికి యాప్ ముందా, రసీదు ముందా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం రైతు సంఘాలు నడిపేవాళ్లవే. కొత్త ఫోన్ల ముచ్చట్లు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. వీళ్ల పని మాత్రం సీజన్‌తో ముడిపడి ఉంటుంది, ఆగదు. అందుకే స్థలమంతా వాళ్లకే.

ప్రశ్న: మా సంఘంలో 300 మందికి పైగా సభ్యులున్నారు. తూకాలు, చెల్లింపులు అన్నీ నోటు పుస్తకాల్లోనే రాస్తున్నాం. సంఘం పేరుతో సొంతంగా యాప్ చేయిద్దామని కమిటీలో కొందరు పట్టుబడుతున్నారు. ఇప్పుడే అవసరమా?

ఇప్పుడే వద్దు. ముందు కాటా దగ్గర ఏం జరుగుతోందో ఒక పూట కూర్చుని చూడండి. నేను ఒక సంఘంలో అలా కూర్చున్నాను. గుమాస్తా తూకం చూసి పుస్తకంలో రాస్తున్నాడు, సాయంత్రం దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. చెల్లింపుల దగ్గర ఒక పెద్దావిడ తన బస్తాలు 14 అంది. కంప్యూటర్‌లో 13 ఉన్నాయి. ఆవిడ సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది. దాని మీద పెన్సిల్‌తో గీసిన నిలువు గీతలు, ఐదేసి చొప్పున రెండు కట్టలు, పక్కన నాలుగు. పుస్తకం తిరగేస్తే రెండు పేజీల మధ్య ఒక వరుస ఎక్కించడం మర్చిపోయారని తేలింది. ఆ అట్టముక్కే లేకపోతే ఆ బస్తా డబ్బు ఆవిడకు అందేది కాదు.

మీరు కొనే ఏ టెక్నాలజీ అయినా ముందు ఆ అట్టముక్క పని చేయాలి. సంఘం దగ్గర ఎంత రాసుకున్నారో, అదే క్షణంలో అదే అంకె సభ్యుడి చేతికీ అందాలి. దీనికి ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్, ఫోన్‌లోనే ఫారాలు నింపడానికి ఉచితంగా దొరికే ఓడీకే కలెక్ట్ లేదా కోబో టూల్‌బాక్స్ లాంటి యాప్ చాలు. ఓడీకే 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. నెట్‌వర్క్ లేని చోట కూడా ఫారం నింపుకోవచ్చు. సిగ్నల్ వచ్చాక వివరాలు సర్వర్‌కు వెళ్తాయి. ఫారంలో సభ్యుడి నంబరు, బస్తాల సంఖ్య, మొత్తం బరువు, ఖాళీ సంచుల బరువు, తరుగు, నికర బరువు, వీటితో పాటు కాటా అంకెలు కనిపించేలా ఒక ఫోటో పెట్టండి. పేరు టైప్ చేయనివ్వకండి, జాబితాలోంచి ఎంచుకునేలా చేయండి. ఒకే పేరున్న ఇద్దరు సభ్యులుంటే టైప్ చేసిన పేర్లతో వచ్చే తలనొప్పి అంతా ఇంతా కాదు.

రసీదుకు బ్లూటూత్‌తో పనిచేసే చిన్న థర్మల్ ప్రింటర్ సరిపోతుంది. అయితే ఆ కాగితం మీది అక్షరాలు ఎండకు, వేడికి వెలిసిపోతాయి. సీజన్ చివర్లో గొడవ వస్తే చేతిలో తెల్లకాగితమే మిగలొచ్చు. కాబట్టి రసీదుతో పాటు ఎస్‌ఎంఎస్ కూడా పంపండి.

ఇంకో జాగ్రత్త, ఇది చాలామందిని ముంచింది. ఎక్సెల్ ఒక సంఖ్యలో మొదటి 15 అంకెలనే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెలున్న బ్యాంకు ఖాతా నంబరు మామూలుగా టైప్ చేస్తే చివరి అంకె చప్పుడు చేయకుండా సున్నా అయిపోతుంది. ముందున్న సున్నాలూ ఎగిరిపోతాయి. టైప్ చేయకముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా మార్చండి. పోయిన అంకె తర్వాత మార్చినా తిరిగి రాదు, పాస్‌బుక్కులు మళ్లీ తెప్పించుకోవాల్సిందే.

ఇవన్నీ రెండు సీజన్లు సాఫీగా నడిచాక యాప్ గురించి ఆలోచించండి. అప్పటికి మీకేం కావాలో యాప్ చేసేవాళ్లకు మీరే చెప్పగలుగుతారు. ఒప్పందంలో రెండు మాటలు రాయించుకోండి. డేటా సంఘానిది. అడిగిన రోజు మొత్తం సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే ఎక్సెల్ లాంటి వాటిలో తెరుచుకునే మామూలు పట్టికగా ఇవ్వాలి. ఎవరైనా బ్లాక్‌చెయిన్ (ఒకసారి రాస్తే తర్వాత మార్చడానికి వీల్లేని డిజిటల్ ఖాతా పుస్తకం) పెడితే మోసాలే ఉండవని చెబితే ఒక్కటి అడగండి, కాటా దగ్గర తప్పు తూకం నమోదైతే ఏమవుతుందని. ఆ తప్పు చెరగకుండా భద్రంగా ఉంటుంది, అంతే.

ప్రశ్న: మా సభ్యుల్లో సగం మందివి కీప్యాడ్ ఫోన్లే. తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపితే ఒక్కో మెసేజ్‌కి రెండు, మూడు మెసేజ్‌ల ఖర్చు పడుతోంది. ఎందుకు?

ఇంగ్లిష్ అక్షరాలతో ఒక ఎస్‌ఎంఎస్‌లో 160 పడతాయి. తెలుగు లాంటి లిపి ఒక్క అక్షరం చేరినా మెసేజ్ మొత్తం వేరే పద్ధతిలోకి మారిపోయి 70కి పడిపోతుంది. అది దాటితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కలో 67 మాత్రమే. పైగా మనం చూసే అక్షరం వేరు, ఫోన్ లెక్కపెట్టేది వేరు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. ఫోన్‌కు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు.

‘రేపు ఉదయం 7 గంటలకు విత్తనాల పంపిణీ. సభ్యత్వ కార్డు తీసుకురండి.’ నేను లెక్కపెట్టాను, ఇది 62. ఒక్క ఎస్‌ఎంఎస్‌లో సరిపోతుంది. దీని చివర ‘ఇట్లు మీ కార్యదర్శి’ అని చేర్చగానే 82 అవుతుంది, ఖర్చు రెట్టింపు. మర్యాద కోసం రాసే ఆ మాటను మెసేజ్‌లో వదిలేసినా ఎవరూ తప్పు పట్టరు.

అసలు చదవడం రాని సభ్యులుంటే ఎస్‌ఎంఎస్ మీద ఆధారపడటమే సరికాదు. ముందే రికార్డు చేసిన మాటను ఒకేసారి అందరికీ ఫోన్‌లో వినిపించే వాయిస్ కాల్ సేవలున్నాయి. ఒక కాల్‌లో ఒకే విషయం, అర నిమిషం మించకుండా, మళ్లీ వినాలంటే ఏ నంబరు నొక్కాలో చివర్లో చెబుతూ రికార్డు చేయండి. సభ్యులకు అలవాటైన గొంతైతే మంచిది. తెలియని గొంతు వినగానే ప్రకటన అనుకుని కట్ చేసేస్తారు. వాట్సాప్ ఉన్నవాళ్లకు బ్రాడ్‌కాస్ట్ పంపుతుంటే, సంఘం నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుందని గుర్తుంచుకోండి. సభ్యత్వం ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించడం తేలిక.

ప్రశ్న: రోజూ నాలుగు మార్కెట్ల ధరలు గ్రూపులో పెడుతున్నాం. అందరూ చూస్తున్నారు, కానీ ఎవరికీ రూపాయి ఎక్కువ రాలేదు. ధర తెలిస్తే లాభం అన్నది అబద్ధమేనా?

అబద్ధం కాదు, సగం నిజం. కేరళ తీరంలో మత్స్యకారుల మీద ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. 1997 నుంచి 2001 మధ్య అక్కడ మొబైల్ సిగ్నల్ వచ్చాక, పడవ మీద నుంచే ఫోన్ చేసి కొనేవాళ్లున్న రేవుకు వెళ్లడం మొదలైంది. అప్పటిదాకా ఒక రేవులో కొనేవాళ్లు లేక చేపలు పారబోస్తుంటే, దగ్గర్లోని ఇంకో రేవులో సరుకు లేక వ్యాపారులు వట్టి చేతులతో వెళ్లిపోయేవాళ్లు. ఫోన్లు వచ్చాక ఆ వృథా ఆగింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది.

ఇక మహారాష్ట్రలో 100 గ్రామాల రైతులకు ధరలు, వాతావరణం ఎస్‌ఎంఎస్‌లో పంపి చూసిన అధ్యయనం ఒకటుంది. ఆర్థికవేత్తలు మార్సెల్ ఫాఫ్‌షాంప్, బార్ట్ మింటెన్ చేసిన ఆ అధ్యయనం 2012లో అచ్చయింది. రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసార్లు ఆలోచించాను. పడవ నడిపేవాడికి ధర తెలిస్తే చుక్కాని తిప్పితే చాలు. పది బస్తాలున్న రైతుకు 40 కిలోమీటర్ల అవతల ధర బాగుందని తెలిసినా బండి ఖర్చే ఆ లాభాన్ని మింగేస్తుంది. పైగా అప్పిచ్చిన వ్యాపారికే అమ్మాల్సి వస్తే అసలు ఆ దారే మూసుకుపోతుంది. సంఘం చేయి వేయాల్సింది ఇక్కడే. గ్రూపులో ధరలు పెట్టడంతో ఆపకుండా, ఎవరి దగ్గర ఎన్ని బస్తాలు సిద్ధంగా ఉన్నాయో వారానికి రెండుసార్లు ఫారంలో సేకరించండి. లారీ నిండే లెక్క కాగానే మంచి ధర ఉన్న చోటికి కలిసి పంపండి. ధరతో పాటు రవాణా, హమాలీ, కమీషన్ తీసేస్తే చేతికొచ్చేది ఎంతో ఒక చిన్న షీట్‌లో చూపించండి. సభ్యులకు కావాల్సింది ఆ చివరి అంకె.

ప్రశ్న: అధ్యక్షుడి ఎన్నిక వాట్సాప్ పోల్‌లో పెట్టేయొచ్చా?

వద్దు. మామూలుగా అందులో ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. ఫోన్ లేని సభ్యుల ఓటు పోతుంది. సమావేశం ఏ రోజు పెట్టుకోవాలో తేల్చుకోవడానికి పోల్ వాడండి, ఎన్నికకు కాగితం బ్యాలెట్ వాడండి.

ప్రశ్న: లెక్కల షీట్ మా పాత అకౌంటెంట్ సొంత మెయిల్‌లో ఉంది. అతను మానేశాడు. ఏం చేయాలి?

మీకింకా షీట్ తెరుచుకుంటుంటే, ఇది చదవడం ఆపి ముందు దాని కాపీ తీసుకోండి. తర్వాత అతన్ని మర్యాదగా అడిగి, ఓనర్‌షిప్ సంఘం పేరిట తెరిచిన మెయిల్‌కు బదిలీ చేయించండి. కాపీలో పాత మార్పుల చరిత్ర రాదు, బదిలీ అయితే వస్తుంది. ఎవరు ఏ అంకె ఎప్పుడు మార్చారో ఆడిట్‌లో అడిగితే అదే ఆధారం. కొత్త మెయిల్‌కు రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా అడిగేది) పెట్టి, ఫోన్ పోయినా లోపలికి వెళ్లనిచ్చే బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో పెట్టండి. తాళం ఇద్దరి దగ్గర ఉండాలి.

ప్రశ్న: మేం కాఫీ పండిస్తాం. యూరప్‌కు పంపే కొనుగోలుదారు ప్రతి సభ్యుడి పొలం జీపీఎస్ పాయింట్లు అడుగుతున్నాడు. ఫోన్‌తో తీసింది సరిపోతుందా?

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన అడవుల నరికివేత నిబంధన వల్ల అడుగుతున్నారు. కాఫీ, కోకో, రబ్బరు, పామాయిల్, సోయా, కలప, పశువులు దాని కిందికి వస్తాయి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండింది కాదని చూపించాలి. 4 హెక్టార్లు దాటిన తోటకు హద్దులన్నీ చుట్టి గీసిన పటం ఇవ్వాలి, అంతకన్నా చిన్నదానికి ఒక్క పాయింట్ చాలు. పాయింట్‌ను తెలిపే అక్షాంశం, రేఖాంశాల్లో దశాంశం తర్వాత 6 అంకెలుండాలి.

ఆ ఆరో అంకె భూమి మీద దాదాపు 11 సెంటీమీటర్లు. మామూలు ఫోన్ మాత్రం ఆరుబయట కూడా దాదాపు 5 మీటర్ల మేర అటూ ఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. అంకెలు పొడుగ్గా కనిపించినంత మాత్రాన అంత కచ్చితమని కాదు. పాయింట్ చూపించడానికి ఫోన్ చాలు. అదే కొలతతో సభ్యుల మధ్య గట్టు తగాదాలు మాత్రం తీర్చకండి. 30 మీటర్ల వెడల్పున్న పొలం చెక్కలో 5 మీటర్ల తేడా అంటే ఆరో వంతు.

పాయింట్ తీసేటప్పుడు ఆకాశం కనిపించే చోట ఒక నిమిషం నిలబడి, యాప్‌లో చూపించే మీటర్ల అంకె తగ్గాక నొక్కండి. ఆ పక్కన రైతు నిలబడి ఉండాలి. ఎందుకు తీస్తున్నారో, ఎవరికి పంపుతారో చెప్పి సంతకం తీసుకోండి. తీసిన పటం ఒక ప్రింట్ అక్కడికక్కడే కాకపోయినా వారంలోగా ఆ రైతు ఇంటికి చేర్చండి. తన పొలం వివరాలు సముద్రాలు దాటి వెళ్తున్నప్పుడు, ఒక ప్రతి తన దగ్గర ఉండటం ఆ రైతు హక్కు.