చిన్నోడా, ఊరు మారేముందు నీళ్లు, అడవి కూడా చూసుకో

ఒరే చిన్నోడా,

డాలస్ (టెక్సస్), డెన్వర్ (కొలరాడో), మినియాపొలిస్ (మినెసోటా) మూడు చోట్ల ఆఫర్ వచ్చింది పెదనాన్నా, జీతం ఇంచుమించు ఒకటే, వేటకి ఫిషింగ్‌కి ఏది బాగుంటుందో చెప్పు అని మొన్న ఫోన్లో అడిగావ్ కదా. అప్పుడు ఏదో హడావుడిగా చెప్పేశా, తర్వాత ఆలోచిస్తే అసలు చెప్పాల్సింది చెప్పనే లేదు అనిపించింది, అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగైనా చివరిదాకా చదువు.

ముందు ఒక్క మాట. పెద్ద చేప ఎక్కడుంది, పెద్ద కొమ్ముల జింక ఎక్కడుంది అని చూసి ఊరు ఎంచుకోకు. మామూలు మంగళవారం రోజు, ఆఫీసు అయ్యాక, వెలుతురు పోకముందే నీళ్ల దగ్గరికి చేరగలవా లేదా అది చూడు. నేనొకసారి ఈ తప్పు చేశాను నాన్నా. అప్పుడు నేనుండే ఇంటికి పన్నెండు నిమిషాల దూరంలో చిన్న చెరువు, గొప్ప చేపలేం ఉండవు, బ్లూగిల్స్, అప్పుడప్పుడు ఓ బాస్, అంతే. అయినా వారానికి రెండు మూడు సాయంత్రాలు అక్కడే ఉండేవాణ్ణి. తర్వాత ఫొటోలు చూసి, ట్రౌట్ చేపల నదులు, ఎల్క్ అనే పెద్ద జింకల మందలు అని మురిసిపోయి వేరే స్టేట్‌కి మారాను. నది ఉంది, మందా ఉంది, కానీ ఇంటి నుంచి మూడున్నర గంటలు. ఏడాది మొత్తంలో నాలుగుసార్లు వెళ్లాను. మీ అన్నయ్యకి అప్పుడు తొమ్మిదేళ్లు, ఆ చెరువు దగ్గర నాతో పాటు రాడ్ పట్టుకుని కూర్చునేవాడు, ఆ అలవాటు వాడికి అక్కడితో ఆగిపోయింది, మళ్లీ రాలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు నీ విషయం. నువ్వింకా హెచ్1బీ మీదే ఉన్నావ్ కాబట్టి గన్ సంగతి ముందు చెప్తా, ఇది చాలామంది మనవాళ్లకి తెలీదు. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అందులో మనకి పనికొచ్చేది ఏదో ఒక స్టేట్ ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. అంటే ఆ లైసెన్స్ నీకు వేట కోసం మాత్రమే కాదు, గన్ ఇంట్లో ఉండటానికి కూడా అదే ఆధారం, అది ఎక్స్‌పైర్ అయితే బీరువాలో ఉన్న గన్ కూడా సమస్యే. పైగా ఒక్కో స్టేట్‌లో లైసెన్స్ సంవత్సరం ఒక్కోలా ఉంటుంది, టెక్సస్‌లో మామూలు హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31కి అయిపోతుంది, నువ్వు జులైలో కొన్నా సరే అంతే. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ గొడవ ఉండదు. ఏం కొనేముందైనా మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడుగు, ఫ్రెండ్ చెప్పాడని చెయ్యకు. మొదటి ఏడాది నన్నడిగితే గన్ జోలికే వెళ్లొద్దు, హంటర్ ఎడ్యుకేషన్ క్లాస్ మాత్రం చేసెయ్, ఒక స్టేట్‌లో చేసిన సర్టిఫికెట్ మిగతా స్టేట్స్‌లో కూడా ఒప్పుకుంటారు, నీ వయసు వాళ్లకి మూడు చోట్లా అది ఉండాల్సిందే.

రెండోది రెసిడెన్సీ, అంటే ఆ స్టేట్ మనిషిగా లెక్కలోకి రావడం. అడ్రస్ మారింది, డ్రైవింగ్ లైసెన్స్ మారింది, ఇంక మనం లోకల్ అనుకుంటారు చాలామంది, కాదు. మినెసోటాలో 60 రోజులు ఉంటే రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవచ్చు. కొలరాడోలో, టెక్సస్‌లో ఆరు నెలలు. ఈ తేడా చిన్నది కాదు, కొలరాడోలో మగ ఎల్క్ ట్యాగ్ (ఒక జంతువుని కొట్టడానికి ఇచ్చే పర్మిట్) రెసిడెంట్‌కి వంద డాలర్ల లోపే, బయటివాడికి ఏడొందలు దాటిపోతుంది. అక్కడ పెద్ద జంతువుల ట్యాగ్‌లకి డ్రా, అంటే లాటరీ లాంటిది, ఉంటుంది, అప్లికేషన్ గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం, అప్లై చేసే రోజుకి వెనక్కి ఆరు నెలలు నువ్వక్కడే ఉండి ఉండాలి. అంటే జనవరిలో జాయిన్ అయితే ఆ ఏడాది రెసిడెంట్‌గా డ్రా పోయినట్టే, అంతకుముందు సెప్టెంబర్‌లోనే జాయిన్ అయితే ఆ అవకాశం దొరికినట్టే. జాయినింగ్ డేట్ గురించి హెచ్ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకో. తొందరపడి ఆరు నెలలు నిండకుండా రెసిడెంట్ అని టిక్ పెట్టకు, వీసా మీద ఉన్నోడివి, అలాంటి కేసు ఒక్కటి కూడా నీ పేరు మీద ఉండకూడదు.

ఇంక భూమి సంగతి. జంతువులు ఉండటం వేరు, నువ్వు వాటి దగ్గరికి వెళ్లగలగడం వేరు. టెక్సస్‌లో జింకలు లెక్కలేనన్ని, అడవి పందులైతే రైతులు తలలు పట్టుకుంటున్నారు, ఓనర్ పర్మిషన్ ఉంటే ప్రైవేట్ లాండ్ మీద పంది వేటకి 2019 నుంచి హంటింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు. (కానీ పైన చెప్పిన వీసా సంగతి మర్చిపోకు, నీకు మాత్రం లైసెన్స్ కావాల్సిందే.) అయితే ఆ స్టేట్‌లో 90 శాతం పైనే ప్రైవేట్ భూమి. కాబట్టి వేట అంటే ఎవరో రాంచ్ ఓనర్‌కి డబ్బు కట్టి లీజు తీసుకోవాలి, లేదా తెలిసినోళ్లుండాలి. 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఒకటుంది, దాంతో పది లక్షల ఎకరాల దాకా తిరగొచ్చు, కానీ ఆ స్టేట్ సైజుకి అది ఒక మూల.

కొలరాడో దీనికి పూర్తిగా వేరు, మూడో వంతు పైనే ఫెడరల్ భూమి, మ్యాప్ పట్టుకుని నడుచుకుంటూ పోవచ్చు. కానీ నదుల దగ్గర ఒక మెలిక ఉంది. నీళ్లు అందరివీ, అడుగున ఉన్న నేల మాత్రం పక్క భూమి ఓనర్‌ది. పడవలో తేలుకుంటూ పోవచ్చు గానీ ప్రైవేట్ భూమి మధ్యలో దిగి కాలు ఆనిస్తే ట్రెస్‌పాస్. అదే మోంటానాలో అయితే పబ్లిక్ దారిలో నదిలోకి దిగి, హై వాటర్ మార్క్ (నీళ్లు మామూలుగా ఎక్కే పై గీత) లోపల ఎంత దూరమైనా నడవొచ్చు, 1985లో చట్టమే చేశారు. రెండు చోట్లా నీళ్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అందుకే కొత్తవాళ్లు బోల్తా పడతారు. ఫోన్లో ఆన్‌ఎక్స్ లాంటి యాప్ పెట్టుకో, భూమి ఎవరిదో గీత గీసి చూపిస్తుంది.

మినెసోటాలో పదివేల చెరువులు అంటారు గానీ నిజానికి పదెకరాలు దాటినవి లెక్కపెడితే 11,842. గొప్ప అది కాదు, ఊరి మధ్యలోనే చెరువులున్నాయి. మినియాపొలిస్‌లో హారియెట్, నొకోమిస్, బ్డే మకా స్కా, వీటి ఒడ్డున ఫిషింగ్ పియర్లు కూడా కట్టారు, ఆఫీసు బూట్లతోనే వెళ్లి నిలబడొచ్చు. పదహారేళ్ల లోపు పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు, కాబట్టి పాపని తీసుకెళ్లొచ్చు. వేటకి వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలు మొత్తం కలిపితే 13 లక్షల ఎకరాల పైనే, దాదాపు అన్నీ అందరికీ తెరిచినవే.

డాలస్‌ని చిన్నచూపు చూడట్లేదు, చుట్టూ రిజర్వాయర్లే. తూర్పుకి గంటన్నర పోతే లేక్ ఫోర్క్, టెక్సస్ రికార్డు బాస్ అక్కడిదే, 1992లో పట్టారు, 18.18 పౌండ్లు. కానీ అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ పడితే వదిలెయ్యాల్సిందే, అందుకే అంత పెద్దవి పెరుగుతున్నాయి. స్టేట్ పార్కుల్లో అయితే ఫిషింగ్ లైసెన్స్ లేకుండానే పట్టుకోవచ్చు, మొదటి నెలల్లో అది నీకు బాగా పనికొస్తుంది. ఇబ్బంది ఎండ, జులై ఆగస్టుల్లో తెల్లారకముందే వెళ్లి తొమ్మిదికల్లా వచ్చెయ్యాలి, చిన్న పిల్లతో కష్టం.

ఏ ఊరైనా సరే ఇంటి లీజు మీద సంతకం పెట్టేముందు ఒక పని చెయ్. వీకెండ్ కాదు, మామూలు రోజు సాయంత్రం ఐదున్నరకి దగ్గర్లో ఉన్న బోట్ ర్యాంప్‌కి (బోట్లు నీళ్లలోకి దింపే చోటుకి) వెళ్లి ఊరికే నిలబడు. ఎన్ని ట్రక్కులున్నాయి, ట్రైలర్ ఉన్నవెన్ని లేనివెన్ని చూడు, ట్రైలర్ లేనివి ఎక్కువుంటే ఒడ్డు నుంచి పడుతున్నారన్నమాట, నీకు బోటు లేదు కాబట్టి అది మంచి గుర్తు. చెత్తడబ్బాలోకి తొంగిచూడు, సిగ్గుపడకు, వానపాముల డబ్బాలు ఎక్కువుంటే పాన్‌ఫిష్ (బ్లూగిల్ లాంటి చిన్న చేపలు), చికెన్ లివర్ డబ్బాలుంటే క్యాట్‌ఫిష్. నోటీస్ బోర్డు మొత్తం చదువు, స్టేట్ లిమిట్ ఒకటుంటే ఆ చెరువు లిమిట్ వేరే ఉంటుంది, మినెసోటాలో సన్‌ఫిష్ (బ్లూగిల్ కూడా అదే జాతి) రోజుకి 20 అయితే కొన్ని చెరువుల్లో 5 లేదా 10 మాత్రమే. ఒకసారి నేనిలాగే నిలబడి ఉంటే ఒక ముసలాయన బకెట్‌తో వచ్చాడు, ఏం పడ్డాయని అడిగితే బకెట్ వంచి చూపించి, అదిగో ఆ పడిపోయిన చెట్టు పక్కన, అడుగు లోతుకి మించి వెయ్యకు అన్నాడు. వంగి చూస్తే నీళ్ల అడుగున ఇసుకలో పళ్లెమంత గుంటలు పక్కపక్కనే ఓ ఇరవై, ఒక్కో గుంట మీద ఒక్కో మగ బ్లూగిల్ తోకాడిస్తూ గుడ్లకి కాపలా. అందులో పెద్దవాటిని పట్టకు, అవి పోతే గూడు పోతుంది అని కూడా ఆయనే చెప్పాడు. ఆ పావుగంటలో నేను నేర్చుకున్నది ఆ చెరువు గురించి ఏ మ్యాపులోనూ లేదు.

కొన్ని జాగ్రత్తలు. మినెసోటా అయితే మంచు మీద ఫిషింగ్‌కి పిలుస్తారు, వెళ్లు, చాలా బాగుంటుంది, కానీ స్వచ్ఛంగా గాజులా ఉండే ఐస్ అయినా నడవడానికి 4 అంగుళాలు ఉండాలి, తెల్లగా పొంగినట్టు ఉంటే దానికి రెట్టింపు. పక్కోడు నిలబడ్డాడు కదా అని నువ్వు నడవకు, నువ్వే బెజ్జం వేసి కొలుచుకో, మొదటి ఏడాది ఒంటరిగా అస్సలు వద్దు. కొలరాడో అయితే మే, జూన్‌లో మంచు కరిగి నదులు ఉరకలేస్తాయి, అప్పుడు దిగకు, ఎండాకాలం మధ్యాహ్నాలు కొండ మీద పిడుగులు, పన్నెండుకల్లా కిందకి దిగిపోవాలి. జింక మాంసం సంగతి కూడా తెలుసుకో, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకల ప్రాణం తీసే మెదడు జబ్బు ఒకటుంది, 1967లో మొదట కొలరాడోలోనే గుర్తించారు, ఇప్పుడు ఈ మూడు స్టేట్స్‌లోనూ ఉంది. కొట్టిన జంతువుకి టెస్ట్ చేయించు, పాజిటివ్ వస్తే తినకు, తల వెన్నెముక స్టేట్ దాటించడానికి రూల్స్ ఉంటాయి అవి చూసుకో. చేపలకైతే ఏ చెరువులోవి నెలకి ఎన్నిసార్లు తినొచ్చో ప్రతి స్టేట్ చెప్తుంది, పాప తింటుంది కాబట్టి పిల్లల లెక్క వేరేగా చూడు.

మారేటప్పుడు వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే ప్యాంట్లు), బకెట్లు, వలలు కడిగి కనీసం అయిదు రోజులు ఎండబెట్టి అప్పుడు సర్దు. తడిగా తీసుకెళ్తే ఇక్కడి జీబ్రా మసెల్స్ అనే చిన్న గుల్ల జీవుల పిల్లలు అక్కడి చెరువులోకి దిగుతాయి, ఒకసారి పట్టుకుంటే వదిలించడం దాదాపు అవ్వని పని.

నా మాట అడిగావ్ కాబట్టి చెప్తున్నా, పాప చిన్నది, కోడలికి డ్రైవింగ్ ఇంకా కొత్త, నీకు గన్ కంటే రాడ్ ఇష్టం, మినియాపొలిస్ తీసుకో. ఎల్క్ కోసం మనసు లాగితే గ్రీన్ కార్డ్ వచ్చాక డెన్వర్ ఎక్కడికీ పోదు, ఈలోపు డ్రాలో అవకాశం పెంచే పాయింట్ల కోసం బయటివాడిగా అప్లై చేస్తూ ఉండు. చలికి భయపడకు, మంచి బూట్లు నేను కొనిస్తా.

నా పాత అల్ట్రాలైట్ రాడ్ పాపకి పంపిస్తున్నా, రీల్ విప్పి శుభ్రం చేశా, 4 పౌండ్ల బరువు తట్టుకునే కొత్త లైన్ ఎక్కించా. హుక్‌లకి ముల్లు నొక్కేశా, పిల్ల వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వచ్చేస్తుంది. ఏ ఊరు అనుకున్నావో ఆదివారం లోపు ఫోన్ చెయ్, మేలో వారం రోజులు సెలవు పెట్టుకుని వస్తా.

మీ పెదనాన్న