గ్లాడియోలస్ గడ్డ వానాకాలంలో ఎందుకు కుళ్లుతుంది?

ప్రశ్న: ఇటలీలో చదువుతున్న మా అబ్బాయి గోధుమ చేలో పూసిన గులాబీరంగు పూల ఫొటో పంపాడు. అచ్చం గ్లాడియోలస్‌లాగే ఉన్నాయి. ఎవరూ నాటకుండానే ఏటేటా వస్తాయట! నేను నాటినవి పోయిన చలికాలం బాగా పూశాయి. వానలయ్యాక తవ్వి చూస్తే గడ్డలన్నీ మెత్తగా కుళ్లి ఉన్నాయి. ఎందుకని?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: గోధుమ చేలల్లో పెరిగేది గ్లాడియోలస్ ఇటాలికస్ అనే అడవి రకం. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం పొడిగా ఉంటుంది. పూత అయి ఆకు ఎండాక గడ్డ ఆ పొడిమట్టిలో హాయిగా నిద్రపోతుంది. మీరు నాటినవి దక్షిణాఫ్రికా జాతుల నుంచి పుట్టిన సంకర రకాలు. వాటికీ పొడి నిద్రే కావాలి. మన దగ్గర సరిగ్గా ఆ నిద్రవేళకే జూన్ వానలు వస్తాయి. నల్లరేగడిలో తడి ఆరదు, ఫ్యుజేరియం బూజు గడ్డను తినేస్తుంది.

ఇది ఉల్లిగడ్డలాంటిది కాదు, చామగడ్డలాంటిది. కోస్తే పొరలుండవు, నిండుగా ఉంటుంది. నాటిన గడ్డ ఎండి ముడుచుకుపోతుంది, దాని నెత్తిన కొత్తది ఊరుతుంది. ఆ కొత్తదానికి తిండి ఆకుల నుంచే రావాలి. అందుకే పూలకాడ కోసేటప్పుడు నాలుగు ఆకులైనా ఉంచండి, పూలయ్యాక కూడా నీళ్లు పెట్టండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

పూత అయిన 6–8 వారాలకు ఆకులు పసుపెక్కుతాయి. అప్పుడు నీళ్లు ఆపి తవ్వండి. నీడలో 2–3 వారాలు ఆరనిచ్చి, అడుగున అంటుకున్న పాత గడ్డను విరిచి పారేయండి. కొత్తవాటిని కాగితం సంచిలో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దాచండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, చెమ్మ చేరి బూజు పడుతుంది. అక్టోబరులో బయటికి తీసి, లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపి అరగంట ముంచండి. గ్లౌజులు తప్పనిసరి. ఎత్తు మడిలో 3 అంగుళాల లోతున, జానెడు ఎడంతో, మొలక పైకి ఉండేలా నాటండి. గడ్డలు కుళ్లిన చోట మాత్రం వద్దు, ఆ బూజు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది.

ప్రశ్న: గడ్డ చుట్టూ శనగగింజలంత పిల్లగడ్డలు వచ్చాయి. నాటితే పూస్తాయా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: పూస్తాయి, కానీ రెండు మూడేళ్లు పడుతుంది. పెంకు గట్టిది కాబట్టి ఒకరోజు నానబెట్టి, అంగుళం లోతున వరుసగా వేయండి. మొదటి ఏడాది గడ్డిపోచల్లాంటి ఆకులే వస్తాయి, కలుపనుకొని పీకేయకండి.