గోరంట్ల బుచ్చయ్య చౌదరి ఎన్నిసార్లు ఎమ్మెల్యే అయ్యారు? 2024లో ప్రొటెం స్పీకర్‌గా ఆయన్నే ఎందుకు పెట్టారు?

ఏడుసార్లు. 1983, 1985, 1994, 1999లో రాజమండ్రి నుంచి. 2014, 2019, 2024లో రాజమండ్రి రూరల్ నుంచి. అన్నీ తెలుగుదేశం టికెట్ మీదే. 1989లో, 2004లో ఓడిపోయారు కూడా.

సీటు మారడం వెనక పెద్ద కథేం లేదు. 2014లో పొత్తు కింద సిటీ సీటు బీజేపీకి వెళ్లింది, ఈయన రూరల్‌కి వచ్చారు. అయితే అది వేరే లోకం. ఇటు ధవళేశ్వరం ఆనకట్ట, అటు కడియం నర్సరీలు. నల్ల కవర్లలో మొక్కలు వరసగా పేర్చిన గట్ల మధ్య నడుస్తూ ఓట్లడగాలి. రాజమండ్రి సిటీలో మెయిన్ రోడ్డు, కోటగుమ్మం తిరిగిన మనిషి అక్కడ వరసగా మూడుసార్లు నెగ్గడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. అందులోనూ 2019లో పార్టీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి 23 సీట్లే.

ఇక ప్రొటెం సంగతి. స్పీకర్‌ని ఎన్నుకునేదాకా సభ నడపడానికి రాజ్యాంగం 180వ అధికరణం కింద గవర్నర్ ఒక సభ్యుణ్ణి నియమిస్తారు. సీనియర్‌నే పెట్టాలని రూలేం లేదు, ఆనవాయితీ అంతే. చంద్రబాబు ఇంకా సీనియర్, కానీ ఆయన ముఖ్యమంత్రి. అందుకే జూన్ 21న గోరంట్ల కుర్చీలో కూర్చుంటే, చంద్రబాబు కూడా ఆయన ముందే ప్రమాణం చేశారు. మర్నాడు అయ్యన్నపాత్రుడు స్పీకరయ్యారు.