అడిగిన తీరు మారితే అంకె మారుతుందా?

ప్రశ్న: మా సంస్థ అందిస్తున్న సేవలపై ఇటీవల ఒక సర్వే చేశాము. ముందుగా అందరికీ ఆన్‌లైన్ ప్రశ్నావళి పంపి, జవాబు రానివారికి ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగాము. ప్రశ్నల్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అయినా ‘చాలా సంతృప్తిగా ఉంది’ అన్నవారి శాతం ఫోన్‌లో స్పష్టంగా ఎక్కువగా వచ్చింది. రెండింటినీ కలిపి ఒకే శాతంగా ప్రకటించవచ్చునా? వీటిలో దేన్ని నమ్మాలి?

జవాబు: కలపవచ్చు. అయితే కలపడానికి ముందు ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి, ఎందుకంటే మీకు కనిపిస్తున్న ఒక్క తేడాలో నిజానికి రెండు తేడాలు ఇమిడి ఉన్నాయి. ప్రశ్నావళి అందగానే తమంతట తాము నింపి పంపినవారూ, ఫోన్ వచ్చేదాకా జవాబివ్వనివారూ ఒకే తీరు మనుషులు కాకపోవచ్చు. వారి వయసు, చదువు, తీరిక, మీ సేవలను వాడుకున్న విధానం వేరుగా ఉండవచ్చు. ఇది ఎవరు జవాబిచ్చారన్న దానివల్ల వచ్చిన తేడా. దీనిని చూసి కంగారు పడనవసరం లేదు. ఒక పద్ధతికి అందనివారిని మరో పద్ధతితో అందుకోవాలనే కదా మీరు రెండు పద్ధతులు వాడారు! అసలు చిక్కు రెండవదానితోనే ఉంది. ఒకే మనిషి ఫోన్‌లో అడిగితే ఒక రకంగా, తెర మీద చదివితే మరొక రకంగా జవాబు చెప్పడం వల్ల వచ్చే ఈ తేడాను కొలత తేడా అంటారు.

ఇది ఊహ కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2014లో తన సర్వేలకు తరచూ జవాబిచ్చే బృందంలోని 3,003 మందిని లాటరీ తీసినట్టుగా రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఫోన్‌లోనూ మరొక భాగాన్ని ఆన్‌లైన్‌లోనూ అవే 60 ప్రశ్నలు అడిగింది. రెండు భాగాలూ ఒకే తీరువి కాబట్టి వచ్చిన తేడా దాదాపుగా కొలతదే అనుకోవచ్చు. అది సగటున 5.5 శాతం పాయింట్లు. కొన్ని ప్రశ్నల్లో తేడాయే కనిపించలేదు, కొన్నింటిలో మాత్రం 18 పాయింట్ల దాకా వెళ్ళింది. కుటుంబ జీవితం పట్ల చాలా సంతృప్తిగా ఉన్నామని ఫోన్‌లో 62 శాతం మంది చెప్పగా, ఆన్‌లైన్‌లో 44 శాతం మందే చెప్పారు. మీ అనుభవం సరిగ్గా ఈ బాటలోనే ఉంది.

కారణం ఏమిటంటే, ఫోన్‌లో అవతల ఒక మనిషి ఉంటారు. ఎవరో వినే చోట అసంతృప్తిని, అలవాట్లను, వైఫల్యాలను ఉన్నదున్నట్టు చెప్పడానికి చాలామంది వెనకాడతారు, నలుగురూ మెచ్చే జవాబు వైపు కాస్త మొగ్గుతారు. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదివినవారిని వారి మార్కుల వంటి విషయాలు అడిగి, జవాబులను విశ్వవిద్యాలయ రికార్డులతో పోల్చి చూశారు. మనిషి ఫోన్‌లో అడిగినప్పటి కంటే ఆన్‌లైన్‌లో అడిగినప్పుడు ఇబ్బందికరమైన నిజాలు ఎక్కువగా బయటపడ్డాయి, జవాబులు రికార్డులకు మరింత దగ్గరగా ఉన్నాయి. రికార్డులతో సరిచూసే వీలు దొరకడం చాలా అరుదు కనుక ఈ అధ్యయనానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

దీనికి తోడు చెవికీ కంటికీ ఉన్న భేదం ఒకటి. ఐదారు జవాబులను వరుసగా చదివి వినిపిస్తే చివర విన్నవి గుర్తుండి వాటిని ఎంచుకునే అవకాశం పెరుగుతుంది, తెర మీదైతే పైన కనిపించిన వాటికే మొగ్గు ఉంటుంది. మీరు ‘చాలా సంతృప్తి’ని ఏ చివర పెట్టారో ఒకసారి చూసుకోండి. ఇక, ‘తెలియదు’ అన్న మాట తెర మీద గడిగా కనిపిస్తే దానిని నొక్కేవారు పెరుగుతారు. ఫోన్‌లో దానిని చదవకుండా, అడగకుండానే చెప్పినవారికి మాత్రమే నమోదు చేయడం వాడుక. ప్రశ్నలో అక్షరం మారకపోయినా ప్రశ్న మారిపోవడం అంటే ఇదే.

అలాగని ఆన్‌లైన్ జవాబే ఎప్పుడూ నిజమని తీర్మానించకండి. అడిగే మనిషి ఎదుట ఉంటే చిక్కు ప్రశ్నను విడమరిచి చెప్పగలరు, తడబడినవారిని ఆలోచింపజేయగలరు. తెర ముందు ఒంటరిగా కూర్చున్నవారు విసుగొచ్చి వరుసగా ఒకే గడి నొక్కుకుంటూ పోవడం అందరికీ తెలిసిన సమస్యే. సంతృప్తి, అలవాట్లు, ఆదాయం వంటి విషయాల్లో తనంతట తాను నింపిన జవాబు వైపు, జ్ఞాపకం తవ్వవలసిన క్లిష్టమైన విషయాల్లో మనిషి అడిగిన జవాబు వైపు నేను మొగ్గుతాను.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సమాచారంతో వయసు, చదువు మొదలైన వాటి తేడాలను లెక్కలో సరిచేసి రెండు గుంపులనూ పోల్చండి. అప్పటికీ మిగిలిన తేడా కొలతదే కావచ్చు, మీరు అడగని మరేదో లక్షణానిది కావచ్చు. ఈ రెండింటినీ పూర్తిగా విడదీయడం సర్వే ముగిశాక ఎంత లెక్క చేసినా సాధ్యం కాదు. అందుచేత కలిపిన శాతంతో పాటు రెండు శాతాలనూ విడివిడిగా ప్రకటించండి. ఎవరు ఏ పద్ధతిలో జవాబిచ్చారో తెలిపే గడిని ఎట్టి పరిస్థితుల్లోనూ చెరిపివేయకండి. వచ్చేసారి శాంపుల్‌లో ఒక చిన్న భాగాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి మొదటి నుంచీ ఫోన్‌కే కేటాయిస్తే, ఈ ప్రశ్నకు మరింత గట్టి జవాబు మీకే దొరుకుతుంది.

ప్రశ్న: ఏళ్ళ తరబడి ముఖాముఖిగా నడిపిన సర్వేను ఈ ఏడాది ఆన్‌లైన్‌కు మార్చాము. ఒక సూచీ బాగా పడిపోయింది. అది నిజమైన తగ్గుదలేనా?

జవాబు: పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ కొంతకాలం పక్కపక్కన నడిపి ఉంటే తప్ప చెప్పలేము. అమెరికాలో నిరుద్యోగాన్ని కొలిచే నెలవారీ సర్వే ప్రశ్నావళిని, సేకరణ విధానాన్ని 1994 జనవరిలో మార్చడానికి ముందు, 1992 జులై నుంచి 1993 డిసెంబరు వరకు కొత్త పద్ధతిని వేరొక శాంపుల్ మీద సమాంతరంగా నడిపి చూశారు. దానిని బట్టి నిరుద్యోగ రేటు దాదాపు అర శాతం పాయింటు ఎక్కువగా వస్తుందని మొదట అంచనా వేశారు. తరువాత మరింత సమాచారంతో లెక్కిస్తే మార్పు ప్రభావం అంతకంటే చాలా తక్కువని తేలింది. మీకు వీలుంటే ఈ సంవత్సరమే పాత పద్ధతిలో ఒక చిన్న సర్వే చేయించండి. అది పూర్తయ్యేదాకా పాత, కొత్త అంకెలను ఒకే గీతతో కలపకుండా, మార్పు జరిగిన చోట గ్రాఫ్‌లో గీతను తెంచి చూపండి.